బావి దగ్గరి సువార్త, కనిగిరి ఎండలు: శ్రమకాలపు ఆదివారాల్లో ఏ వాక్యం చదవాలి?

మార్చి రెండో వారం వచ్చేసరికి కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి నోట విన్నా నీళ్ల మాటే. ఏ బోరు ఎండింది, ట్యాంకరు ఏ రోజు వస్తుంది, ఎన్ని బిందెలు దొరుకుతాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి గారపట్టిన పళ్లు, వంగిన కాళ్లు ఇక్కడ తరతరాల గోడు. 1996లో పునాదిరాయి పడ్డ వెలిగొండ ప్రాజెక్టు పేరు వింటూ పెద్దయిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2026 మార్చి 8 ఆదివారం నాడు, క్యాథలిక్ గుడుల్లో చదవవలసిన భాగాల్లో రెండు నీళ్ల గురించినవే. మొదటి పఠనం నిర్గమకాండం 17వ అధ్యాయం: ఎడారిలో నాలుక పిడచకట్టుకుపోయి జనం మోషే మీద తిరగబడితే, బండను కొట్టి నీళ్లు రప్పించిన కథ. సువిశేషం యోహాను 4వ అధ్యాయం: మిట్టమధ్యాహ్నం బావి గట్టున కూర్చున్న యేసు, ఒంటరిగా కడవతో వచ్చిన సమరయ స్త్రీని మంచినీళ్లు అడగడం. ఆమె మొదట ఆశ్చర్యపోయేది ఆయన ఎవరన్నందుకు కాదు, తన చేతి నీళ్లు ఆయన తాగుతాననడమేమిటని. ఊరి బావిలో చేద వేసే హక్కు లేని తాతల మనవళ్లు బల్లల మీద కూర్చుని వింటున్నప్పుడు ఆ ప్రశ్నకు వ్యాఖ్యానం అక్కరలేదు.

ఈ భాగాలను ఆ ఆదివారానికి కేటాయించినవారు కనిగిరిని చూసినవారు కారు. 1969లో రోమ్‌లో తయారైన పట్టిక అది. అదే మార్చి 8న అలాంటి ఒక గుడికి రెండు వీధుల అవతల ఉన్న బాప్టిస్టు చర్చిలో ఏ వాక్యం చదవాలో మాత్రం పాస్టరు గారి ఇష్టం. శ్రమకాలపు ఆదివారాల్లో చదివే లేఖనభాగాలను ఎవరు ఎంపిక చేయాలి, అక్కడి మనిషి బతుకుతో వాటికి పొత్తు ఎలా కుదరాలి అన్నది పశ్చిమ ప్రకాశంలో పక్కపక్క వీధుల్లో రెండు మూడు రకాల జవాబులు దొరికే ప్రశ్న.

ముందు పేర్లు. ఒకే కాలాన్ని తెలుగు క్రైస్తవులు వేర్వేరుగా పిలుస్తారు. క్యాథలిక్కులకు అది తపస్సుకాలం. ప్రొటెస్టెంట్లకు శ్రమకాలం, శ్రమదినాలు, లేదంటే నేరుగా లెంటు. మొదటి రోజు క్యాథలిక్కులకు విభూతి బుధవారం, మిగతావారికి భస్మ బుధవారం లేదా బూడిద బుధవారం. చివరి వారం మొదలయ్యే ఆదివారం ఒకరికి మ్రానికొమ్మలది, మరొకరికి మట్టలది. పేర్లలోని తేడా మాటల తేడాతో ఆగదు. ‘తపస్సు’ అన్నప్పుడు విశ్వాసి ఏం చేయాలన్న దాని మీదికి చూపు పోతుంది. ‘శ్రమ’ అన్నప్పుడు క్రీస్తు ఏం అనుభవించాడన్న దాని మీదికి. అందుకే ఒకచోట ఆరు ఆదివారాలూ మనిషి మారడం గురించిన పాఠాలు వినిపిస్తే, మరోచోట మొదటి వారం నుంచే సిలువ కథ నడుస్తుంది.

లెక్కలో కూడా ఒక చిక్కుంది. బుధవారం నుంచి ఈస్టర్ ముందటి శనివారం దాకా వేళ్ల మీద లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. నలభై అనడం ఎలా? మధ్యలోని ఆరు ఆదివారాలను తీసేయాలి. ఆదివారం పునరుత్థానపు రోజు కాబట్టి అది ఉపవాసదినం కాదన్నది పాత సంప్రదాయం. అంటే శ్రమకాలపు ఆదివారాలు ఆ కాలంలో ఉంటాయి గానీ ఆ నలభైలో ఉండవు. ఆదివారం ఆరాధనలో చదివే భాగాలు కూడా అలాంటివే. శోధన పక్కన రూపాంతరం, దాహం పక్కన బండలోంచి నీళ్లు, సమాధి పక్కన లాజరు. ఆరు వారాలూ ఏడుపు ఒక్కటే వినిపించే చర్చి ఈ కాలంలో సగాన్నే చదువుతోందన్నమాట.

ఇక ఇక్కడి సంఘాల సంగతి. ప్రకాశం జిల్లా 1970లో పుట్టినప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి. రెవెన్యూ హద్దులతో పాటు మిషన్ల హద్దులు కూడా ఇక్కడ కలిశాయి. కనిగిరి వైపు, అటు కంభం, మార్కాపురం దాకా అమెరికన్ బాప్టిస్టు మిషన్ నేల. గిద్దలూరు వైపు నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు కేంద్రాలుగా పనిచేసిన ఆంగ్లికన్ల ఎస్.పి.జి. మిషన్ ప్రభావం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది అందులో చేరకుండా నిలబడిపోయారు; తమ ప్రార్థన పుస్తకం, తమ బిషప్పుల వరుస పోతాయన్న భయం అందులో పెద్ద భాగం. వీళ్లందరితో పాటు క్యాథలిక్కులు. ఇంకా బైబిలు మిషను, బ్రదరన్ తరహా సహవాసాలు, పెంతెకొస్తు చర్చిలు, ఊరికి నాలుగు చొప్పున స్వతంత్ర మందిరాలు.

వీళ్లలో ముందు బాప్టిస్టుల సంగతి. వాళ్లకు పాఠాల పట్టిక లేదు. అది మరుపు వల్ల జరిగింది కాదు, తెలిసి వదులుకున్నది. ఏ అధికారపీఠమూ సంఘానికి ఫలానా రోజున ఫలానా వాక్యం చదవమని చెప్పకూడదన్నది వాళ్ల మూలసిద్ధాంతాల్లోంచి వచ్చిన పట్టు. అమెరికా నుంచి వచ్చిన తొలి మిషనరీల తరానికి లెంటు అంటే రోమ్ వాసన. కాబట్టి కనిగిరి సీమకు క్రైస్తవం వచ్చినప్పుడు శ్రమకాలం దానితో రాలేదు.

ఆ క్రైస్తవం వచ్చిన తీరు తెలుగు క్రైస్తవ చరిత్రలో బాగా తెలిసిన ఘట్టమే. ఒంగోలుకు పడమట నలభై మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. రాజయోగ మార్గంలో గురువుల దగ్గర సాధన చేసినవాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. అదే నెలలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి 28 మందికి బాప్తిస్మమిచ్చాడు. చదువు రాని ఊళ్లు అవి. ఆదివారం వాక్యపఠనం అంటే చదవడం వచ్చిన ఒకే ఒక్కడు చదివితే మిగతావాళ్లు విని, పదేపదే పలికి, కంఠతా పట్టడం. పట్టిక ఉన్నా దాన్ని చదివేదెవరు? బోధకులు మూడు నెలలకోసారి ఒంగోలులో కూడేవారు. అక్కడ నేర్చుకున్న పాఠాన్ని మోసుకుంటూ తిరిగి ఊళ్ల బాట పట్టేవారు. ఆ మూడు నెలల కూడికలే ఆనాటి వాళ్లకు పాఠాల పట్టిక అనుకోవచ్చు.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలాదిమందికి కూలి చూపించాడు. కాలువ గట్టు మీద సాయంత్రాలు బోధకులు చెప్పిన మాటల్లో మత్తయి 11వ అధ్యాయం చివర, ప్రయాసపడి భారం మోసేవారిని యేసు తన దగ్గరికి పిలిచే భాగం ముఖ్యమైనది. పగలంతా మట్టి తట్ట మోసిన నెత్తికి ఆ వాక్యం ఎలా తగిలి ఉంటుందో చెప్పనక్కరలేదు. ఏ కమిటీ చేసిన ఎంపికా కాదది. ఎదురుగా ఉన్న మనిషి నెత్తిమీద బరువు చూసి వాక్యం ఎంచుకోవడం బాప్టిస్టు పద్ధతిలోని అసలు బలం. ఆ పద్ధతిని సమర్థించడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అయితే ఆ కరువులోనే ఇంకో సంగతి జరిగింది, దాని వైపు ఎవరూ ఈ కోణంలో చూసినట్టు లేదు. తిండి కోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని క్లౌ సుమారు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పనులు ముగిశాక, 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం తీసుకున్నారు: జూలై 2న 614, 3న 2,222, 4న 700. మధ్యనున్న 2,222 సంఖ్యే జనం నోళ్లలో నిలిచింది. కానీ దానికి ముందటి 15 నెలల నిరీక్షణ కూడా అంతే పెద్దది. తొలి శతాబ్దాల సంఘంలో శ్రమకాలం పుట్టిందే అలాంటి నిరీక్షణ కోసం. ఈస్టర్ రాత్రి బాప్తిస్మం పొందబోయేవాళ్లను వారాల తరబడి ఆపి, బోధించి, పరీక్షించే కాలమది. సమరయ స్త్రీ, పుట్టుగుడ్డి, లాజరు: యోహాను సువార్తలోని ఈ మూడు కథలూ ఆదివారాల్లోకి వచ్చింది ఆ శిక్షణలో భాగంగానే. నీళ్లు, చూపు, ప్రాణం. లెంటు పేరే ఇష్టపడని బాప్టిస్టులు, ఆ లెంటు ఏ అవసరం కోసం పుట్టిందో ఆ అవసరాన్ని కరువు సీమలో 15 నెలలు నిజంగా బతికారు. ఆ సంఘాల వారసులు ఇవాళ ఈ మూడు కథలనూ బాప్తిస్మపు తరగతుల్లో వరుసగా చదివితే పరాయి సంప్రదాయాన్ని అరువు తెచ్చుకున్నట్టు కాదు.

గిద్దలూరు వైపు కథ వేరు. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో ప్రతి ఆదివారానికీ ఒక పత్రిక పాఠం, ఒక సువార్త పాఠం స్థిరంగా ఉండేవి. 1662 నాటి ఇంగ్లీషు గ్రంథంలోని వరుస అది. దాని మూలాలు అంతకు శతాబ్దాల వెనకటివి. ఏటా అవే పాఠాలు. మొదటి ఆదివారం అరణ్యంలో శోధన. రెండో ఆదివారం మత్తయి 15లోని కనాను స్త్రీ, బల్ల కింద పడే రొట్టెముక్కల మాట. నాలుగో ఆదివారం అయిదు రొట్టెలు, అయిదు వేలమంది. మట్టల ఆదివారం మత్తయి 27. శ్రమకాలానికి ముందు మూడు వారాల సన్నాహం కూడా ఉండేది. అందులో ఒకనాడు ద్రాక్షతోటలో కూలి కథ, ఒకనాడు విత్తనాలు చల్లేవాడి కథ. గుంటూరు లూథరన్లకు 1842లో హేయర్ దొరతో మొదలైన సంప్రదాయంలోనూ దాదాపు ఇదే వరుస.

ఏటా అవే పాఠాలంటే విసుగు పుట్టదా అని ఇప్పటివాళ్లకు అనిపిస్తుంది. చదువు రానివారికి అదే వరం. ఇరవై ఏళ్లు ఇరవైసార్లు ఒకే ఆదివారం ఒకే కథ విన్న ముసలమ్మకు ఆ కథ పుస్తకం అవసరం లేకుండా వచ్చేస్తుంది. కనాను స్త్రీ ఎక్కడ నోరు మెదుపుతుందో, యేసు ఎక్కడ మౌనంగా ఉంటాడో ఆమెకు ముందే తెలుసు. పంట, పండుగ, పాఠం ఒకదాన్ని ఒకటి గుర్తుచేస్తాయి. లోటు కూడా స్పష్టమే: పాత నిబంధన ఆదివారం బల్ల దాకా దాదాపు రాదు; మోషే, యిర్మీయా, యెహెజ్కేలు గడప బయటే ఉండిపోతారు.

1963 డిసెంబరులో రెండో వాటికన్ మహాసభ ఆరాధన గురించిన రాజ్యాంగంలో లేఖనాల నిధిని విశ్వాసులకు మరింతగా తెరవాలని నిర్ణయించింది. దాని ఫలితమే 1969 పట్టిక. ఆ ఏడాది నవంబరు 30న ఆగమనకాలపు మొదటి ఆదివారం నుంచి అమలు. ఏడాదికి ఒక సువార్త: ఎ సంవత్సరం మత్తయి, బి మార్కు, సి లూకా. యోహానుకు సొంత సంవత్సరం లేదు; ఆయన వాటా ఎక్కువగా శ్రమకాలం చివరి ఆదివారాల్లోకీ ఈస్టర్ వారాల్లోకీ వచ్చింది. ప్రతి ఆదివారం మొదటి పఠనం, భక్తి కీర్తన, రెండో పఠనం, సువిశేషం. అప్పటిదాకా లాటిన్‌లో సాగిన పూజలో తెలుగు వినిపించడం మొదలైన కొద్ది ఏళ్లకే ఇన్ని కొత్త భాగాలు కూడా వచ్చిపడ్డాయి. ఒక తరం క్యాథలిక్కులు పాత నిబంధనను చెవులారా విన్నది అప్పుడే.

ఈ ప్రయోగం ప్రొటెస్టెంట్లను కూడా కదిలించింది. ఉత్తర అమెరికా సంఘాలు దీన్నే ఆధారం చేసుకుని 1983లో ఉమ్మడి పట్టిక తెచ్చాయి, 1992లో సవరించాయి. ఇవాళ ప్రపంచంలో చాలా ప్రొటెస్టెంట్ చర్చిలు అదే వాడుతున్నాయి. దక్షిణ ఇండియా సంఘం మాత్రం తన దారి తాను వేసుకుంది. ఏటా సినడ్ విడుదల చేసే పట్టికలో ప్రతి ఆదివారానికీ ఒక అంశం, ఆ అంశానికి తగ్గ పాత నిబంధన, పత్రిక, సువార్త పాఠాలు ఉంటాయి. అంశం ముందు, పాఠం తర్వాత. దీని వల్ల ప్రసంగికుడికి పని తేలికవుతుంది. అయితే ఒక నష్టం లేకపోలేదు: అంశం తలకెక్కాక, పాఠంలో ఆ అంశానికి ఒదగని మాట ఉంటే అది వినపడదు. సమరయ స్త్రీ కథను ‘సాక్ష్యం’ అనే శీర్షిక కింద చదివితే బావి, దాహం, అంటు వెనక్కి జరుగుతాయి.

మూడేళ్ల వరుసలో పశ్చిమ ప్రకాశానికి తగిలే భాగాలు ఇంకా ఉన్నాయి. సి సంవత్సరం మూడో ఆదివారం లూకా 13: మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికేయమంటాడు యజమాని, ఈ ఒక్క ఏడాది ఆగమని, చుట్టూ తవ్వి ఎరువు వేసి చూస్తానని తోటమాలి బతిమాలతాడు. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్లతో నీళ్లు పోసి పోసి, చివరికి బత్తాయి తోటలను రైతులే గొడ్డలితో కొట్టేసుకున్న సీమ ఇది. ఆ తోటమాలి గొంతు ఇక్కడ వినిపించినట్టు రోమ్‌లో వినిపించదు. బి సంవత్సరం రెండో ఆదివారం అబ్రాహాము, ఇస్సాకు. సి సంవత్సరం నాలుగో ఆదివారం తప్పిపోయిన కొడుకు. కూలికీ చదువుకీ హైదరాబాదు, బెంగళూరు బస్సెక్కించిన పిల్లల కోసం ఎదురుచూసే తండ్రులున్న ఊళ్లలో ఆ కథకు ఏ ఉపోద్ఘాతమూ వద్దు.

మరి పట్టిక లేని బాప్టిస్టు ఊళ్లలోకి శ్రమకాలం ఎప్పుడు, ఎలా వచ్చింది? ఒక రోజున, ఒక తీర్మానంతో రాలేదు. పాటల పుస్తకం ఒక దారి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు శాఖాభేదం లేకుండా అందరి చేతుల్లోనూ ఉన్న గ్రంథం. అందులో క్రీస్తు శ్రమల పాటలకు ఒక విభాగమే ఉంది. విభాగం ఉన్నాక దాన్ని పాడే కాలం కూడా ఏర్పడుతుంది. రెండో దారి చదువు. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో బాప్టిస్టు, లూథరన్, దక్షిణ ఇండియా సంఘాల యువకులు ఒకే తరగతిలో కూర్చున్నారు. పక్కవాడి క్యాలెండరు తన సంఘానికీ పనికొస్తుందని అక్కడ తెలిసినవాళ్లు కొందరైనా ఉంటారు.

మూడో దారి శుభ శుక్రవారం. సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన ఇవాళ పల్లెపల్లెనా ఉంది. మిట్టమధ్యాహ్నం మొదలై మూడింటి దాకా, ఏడుగురు ప్రసంగికులు, మధ్యలో పాటలు, తెల్లబట్టల్లో ఊరంతా. ఇది 17వ శతాబ్దం చివర పెరూ దేశపు లిమా నగరంలో జెసూట్ గురువులు మొదలుపెట్టిన భక్తి. రోమ్ వాసన వేస్తుందని లెంటును దూరం పెట్టిన సంఘాల్లో ఇవాళ ఏడాదిలో జనం బాగా నిండే ఆరాధనల్లో ఒకటి క్యాథలిక్ సన్యాసుల కానుక. ఏడు మాటల్లో మూడు లూకావి, మూడు యోహానువి, ఒకటి మత్తయి, మార్కులది. నాలుగు సువార్తలనూ ఒకే విడతలో వినిపించే ఈ ఏర్పాటు కూడా నిజానికి ఒక పాఠాల పట్టికే, ఎవరూ ఆ పేరుతో పిలవకపోయినా. అయిదో మాట దాహం గురించినది. ఏప్రిల్ ఎండలో, షామియానా కింద, ఉపవాసంతో ఉన్నవాళ్లు దాన్ని వింటారు.

దానికి ముందు నలభై రోజులూ సాయంత్రాల కూడికలు. ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో. గెత్సేమనే, పేతురు బొంకు, పిలాతు, బరబ్బా, కురేనీయుడైన సీమోను: సిలువ దారిలో ఒక్కో మజిలీకి ఒక్కో రాత్రి. లూథరన్ నేలలోంచి 1938లో వచ్చిన బైబిలు మిషను వాళ్లు ఈ శ్రమకాల ధ్యానాలను ఎంతో శ్రద్ధగా పాటిస్తారు. బక్త్ సింగ్ గారి సహవాసాల వంటివి మాత్రం ఈ కాలాన్ని గుర్తించవు. ప్రతి ఆదివారమూ రొట్టె విరిచేటప్పుడు ఆ మరణాన్నే తలుచుకుంటున్నప్పుడు ప్రత్యేకంగా నలభై రోజులెందుకన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నలో పస ఉంది. కొట్టిపారేయదగింది కాదు.

ఇక్కడే ఒక వింత కనిపిస్తుంది. నలభై సాయంత్రాలూ క్రమం తప్పని వరుసలో నడిచే ఊళ్లో, మధ్యలోని ఆరు ఆదివారాలకు వరుస ఉండదు. ఒక ఆదివారం దశమభాగం, మరో ఆదివారం వివాహం, ఇంకో ఆదివారం వచ్చిన అతిథి ప్రసంగికుడికి ఇష్టమైన వాక్యం. సాయంత్రం కూడికకు వచ్చేవాళ్లు కొద్దిమంది. ఆదివారం వచ్చేది ఊరు ఊరంతా. ఎక్కువమంది వినే రోజే వరుస తెగిపోతోంది.

పైగా ఒక్క వాక్యపు అలవాటు పెరిగింది. జనవరి 1న తీసుకునే వాగ్దానపు కార్డు, ఫోన్‌లో పొద్దున్నే వచ్చే రంగురంగుల వచనం. వాటిలో ఓదార్పు ఉంది, కష్టంలో ఉన్నవాళ్లను ఆ ఒక్క మాట నిలబెట్టిన సందర్భాలున్నాయి. కానీ వాగ్దానపు కార్డుల్లో యోవేలు రెండో అధ్యాయపు బట్టలు కాదు గుండెలు చింపుకోమనే పిలుపు రాదు. సణిగిన జనం రారు. ఆదివారం ఆరాధనలో అధ్యాయమంతా గట్టిగా చదవకపోతే ఆ భాగాలు వినే అవకాశం చాలామందికి ఇంకెక్కడా లేదు. స్థిరమైన పట్టిక గురించి చెప్పదగిన మొదటి మంచి మాట ఇదే: అది ప్రసంగికుడి మీద విధించిన కట్టడి కాదు, వినేవాడికి దక్కవలసిన వాటా. తనకు ఇష్టమైన పది అధ్యాయాల చుట్టూ తిరిగే ప్రసంగికుడి నుంచి అది సంఘాన్ని కాపాడుతుంది.

అలాగని పట్టికలు చేసినవాళ్ల కత్తెర తప్పులు చేయలేదనడానికి లేదు. విభూతి బుధవారం సువిశేషం మత్తయి 6. అందులో ఒకటి నుంచి ఆరు వచనాలు చదివి పదహారుకు దూకుతారు. మధ్యలో పోయేది సాక్షాత్తూ ప్రభువు నేర్పిన ప్రార్థన. తర్వాతి మంగళవారం పూజలో దాన్ని చదువుతారు. మంగళవారం కూలి మానుకుని గుడికి రాగలిగేవారెందరు? ఎ సంవత్సరం అయిదో ఆదివారం యెహెజ్కేలు 37లో మూడే మూడు వచనాలు, 12 నుంచి 14 దాకా. లోయ నిండా పరుచుకున్న ఎండిన ఎముకలు, గలగలమంటూ ఒకదానికొకటి అతుక్కోవడం, నాలుగు దిక్కుల నుంచి గాలి: ఆ దృశ్యమంతా ముందు వచనాల్లో ఉండిపోయింది. 1992 ఉమ్మడి పట్టిక మొదటి వచనం నుంచీ ఇచ్చి ఆ తప్పు దిద్దుకుంది. ఎండిన నేలను రోజూ చూసే జనానికి ఆ లోయను చూపించకుండా చివరి హామీ మాత్రం వినిపించడం అన్యాయం.

చదివే తీరు సంగతి కూడా చెప్పాలి. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరాలు రాష్ట్రమంతటా ఉన్నాయి; ఆ పలకలు తవ్విన సీమలో చదువు ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు ప్రతి ఇంట్లో చదివేవాళ్లున్నారు. అయినా చాలాచోట్ల ఆదివారం పాఠాన్ని అప్పటికప్పుడు పిలిచిన పిల్లవాడు గబగబా చదివేసి కూర్చుంటాడు. మన బైబిలు భాష గ్రాంథికం. వాక్యం ఎక్కడ విరుగుతుందో ముందుగా చూసుకోకపోతే చదివేవాడికే అర్థం కాదు. ఒకే మాటను ప్రొటెస్టెంట్ గ్రంథం ‘మారుమనస్సు’ అంటే క్యాథలిక్ గ్రంథం ‘హృదయ పరివర్తనం’ అంటుంది. రెండూ నెమ్మదిగా పలికితేనే లోపలికి దిగుతాయి. మ్రానికొమ్మల ఆదివారం శ్రమల చరిత్రను క్యాథలిక్కులు పాత్రలుగా పంచుకుని చదువుతారు: కథకుడొకరు, క్రీస్తు ఒకరు, పిలాతు, పేతురు, గుంపు. గుంపు మాటలు సభంతా పలుకుతుంది. సిలువ వేయమని అరిచినవాళ్లలో తామూ ఉన్నామని ప్రసంగం చెప్పడం వేరు, తమ నోటితో ఆ అరుపు అరవడం వేరు. ఏ శాఖ వారైనా నేర్చుకోదగిన పద్ధతి ఇది. దీనికి ఖర్చు లేదు, శనివారం సాయంత్రం ఒక గంట సాధన చాలు.

ఈ సీమ చరిత్ర పట్టికలకు నేర్పగలిగింది కూడా ఉంది. క్లౌ చివరి రోజుల్లో చెప్పగా ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అక్షరబద్ధం చేసి 1914లో ప్రచురించిన ఆత్మకథలో ఒక సంఘటన ఉంది. ఒంగోలుకు వచ్చిన తొలినాళ్లలో పై కులాలవారు కొందరు ఆసక్తి చూపించారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము రామన్నారు. ఆ రాత్రి ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, మొదటి భార్య హ్యారియెట్ మరో గదిలో చేతికందిన కొత్త నిబంధన తెరిచారు. ఇద్దరికీ ఒకే చోటు కనిపించింది: కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం, 26వ వచనం నుంచి. లోకం లెక్కలో జ్ఞానులు, బలవంతులు, గొప్ప వంశంవారు పిలుపులో ఎక్కువమంది లేరని, నీచులుగా తోసివేయబడినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం. దాంతో తేలిపోయింది. పేరయ్య వెనక వేలమంది వచ్చిన తలుపు ఆ వచనాలే తెరిచాయి.

పట్టికలో ఆ అధ్యాయం శ్రమకాలంలోనే వస్తుంది, బి సంవత్సరం మూడో ఆదివారం. రోమ్ పట్టిక 22 నుంచి 25 వచనాల దాకా ఇచ్చింది. ఉమ్మడి పట్టిక 18 నుంచి 25 దాకా. రెండూ 25 దగ్గర ఆగిపోతాయి. సిలువ లోకానికి వెర్రితనంగా కనిపిస్తుందని చెప్పి, ఆ వెర్రితనం ఎవరి ఇంటి తలుపు తట్టిందో చెప్పే వచనం ముందర పుస్తకం మూసేస్తాయి. తర్వాతి ఆరు వచనాలు ఎ సంవత్సరంలో, మరో కాలంలో ఎక్కడో వస్తాయి. పాఠాన్ని అవసరమైతే కాస్త పొడిగించి చదవడం ఏ సంఘంలోనూ అపచారం కాదు. బి సంవత్సరపు మూడో ఆదివారం ఈసారి 2027 ఫిబ్రవరి 28న వస్తుంది. ఆ ఉదయం కనిగిరిలోనో గిద్దలూరులోనో చదవడానికి లేచినవారు 25వ వచనం దగ్గర ఆగకుండా 31 దాకా చదివితే పట్టే సమయం ఒక్క నిమిషం.